ఒకే గదిలో కథ మేలా, రెండు గదుల్లో బోధ మేలా?

విశాఖపట్నంలో ఒక క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లు మత బోధ పాఠాలు చెప్పిన నన్ను, కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఉపాధ్యాయులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. తరగతిలో నలభై మంది ఉంటే అందులో క్రైస్తవ కుటుంబాల పిల్లలు పది పన్నెండు మందే ఉంటారు. అలాంటప్పుడు గంట కొట్టగానే వారిని వేరే గదికి పిలిచి సత్యోపదేశం, అంటే క్రైస్తవ విశ్వాస పాఠాలు, చెప్పి, మిగిలినవారికి మోరల్ సైన్స్ చెప్పించడం మంచిదా, లేక అందరినీ కలిపి కూర్చోబెట్టి బైబిలు కథ చెప్పడం మంచిదా? నేను రెండు పద్ధతుల్లోనూ బోధించాను.

ముందుగా చట్టం సంగతి. రాజ్యాంగంలోని 30వ అధికరణ మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును ఇచ్చింది. అయితే ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సహాయం పొందే ఏ పాఠశాలలోనైనా, పిల్లవాడి సంరక్షకుల సమ్మతి లేకుండా అతణ్ణి మత బోధలో గాని, ఆరాధనలో గాని పాల్గొనమని నిర్బంధించరాదని 28వ అధికరణ మూడవ ఖండం చెబుతోంది. కాబట్టి ఏ పద్ధతిని ఎంచుకున్నా తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి తీసుకోవలసిందే. ప్రవేశ దరఖాస్తులో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం కింద పెట్టించుకున్న సంతకాన్ని సమ్మతిగా లెక్కించడం నాకు న్యాయంగా తోచదు.

విడదీసి చెప్పడంలో ఉన్న గొప్ప మేలు నిజాయితీ. క్రైస్తవ పిల్లల మధ్య ఉపాధ్యాయుడు తన విశ్వాసాన్ని దాచుకోకుండా, పలుచన చేయకుండా చెప్పగలడు. మొదటి దివ్యసత్ప్రసాదానికి, అంటే ఆరాధనలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని తొలిసారి స్వీకరించడానికి, సిద్ధమయ్యే కతోలిక పిల్లలకు జపాలు, ఆజ్ఞలు, జ్ఞానస్నానం వంటి సంస్కారాలు క్రమంగా నేర్పడం ఉమ్మడి తరగతిలో సాధ్యం కాదు. కంఠస్థానికి కూడా ఇక్కడే చోటు ఉంది. అయితే అర్థం చెప్పని కంఠస్థం ఎంత దూరం పోతుందో నేను బైబిలులోని 23వ కీర్తన దగ్గర తెలుసుకున్నాను. తడబడకుండా అప్పజెప్పిన మూడవ తరగతి పిల్లవాణ్ణి, ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అనే మొదటి వాక్యంలో ‘లేమి కలుగదు’ అంటే ఏమిటని అడిగితే, ‘నాకు ఏమీ దొరకదు’ అన్నాడు. లేమి అనే మాట వాళ్లింట్లో ఎవరూ వాడరు. కాపరి ఉన్నాడు కనుక కొరత ఉండదనే ధైర్యం అతనికి అంతకాలం తలకిందులుగా అందింది. ఆ తప్పు అతనిది కాదు, నాది.

ఈ పద్ధతిలోని కీడు రెండవ గదిలో కనబడుతుంది. మోరల్ సైన్స్ పేరుతో ఆ గదిలో చాలాసార్లు లెక్కల హోంవర్కు పూర్తి చేయిస్తారు, లేదా కూర్చుని నోట్సు రాసుకోమంటారు. అంతకంటే బాధాకరమైనది ఆరేళ్ల పిల్లలకు అంటే ముద్ర. ఒకటవ తరగతి పాప ఒకతె, పక్కనే కూర్చునే స్నేహితురాలు లేచి వెళ్తుంటే, ‘నేనెందుకు వెళ్లకూడదు?’ అని అడిగింది. ఆ వయసు బిడ్డకు అర్థమయ్యే జవాబు నా దగ్గర లేకపోయింది.

కలిపి చెప్పడంలోని బలం కథలో ఉంది. లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరయుని కథను రెండవ తరగతిలో చెప్పినప్పుడు, యెరూషలేము నుంచి యెరికోకు దారి దాదాపు 1000 మీటర్లు దిగుతుందని, అనంతగిరి ఘాట్ రోడ్డులా మలుపులు తిరుగుతుందని చెప్పగానే, అరకు వెళ్లివచ్చిన పిల్లలందరూ ఆ దారిలోకి వచ్చేశారు. దొంగలు కొట్టి పడేసిన ఒక బాటసారి ఆ దారిలో పడి ఉన్నాడు. యూదుల యాజకుడు (పూజారి), గుడి సేవకుడైన లేవీయుడు పక్కనుంచి వెళ్లిపోయారు, యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడు ఒకడు ఆగి సాయం చేశాడు. అప్పుడు ఒక హిందూ బాలుడు, ‘ఆ సమరయుడు కూడా వాళ్ల గుడికే వెళ్తాడా టీచర్?’ అని అడిగాడు. వెళ్లడని, యూదులకు యెరూషలేములో దేవాలయం ఉంటే సమరయులు గెరిజీము కొండ మీద ఆరాధించేవారని చెప్పాను. ‘మన కొండల్లాగానా?’ అంది మరో పిల్ల. హార్బరు దగ్గర వేంకటేశ్వరస్వామి గుడి ఒక కొండ మీద, దర్గా ఒక కొండ మీద, రాస్ హిల్ మీద మరియమాత గుడి ఉన్న ఊరు మాది. అన్నేళ్లూ క్రైస్తవ పిల్లలకు మాత్రమే చెప్పినప్పుడు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. సమరయుడి గుడి వేరని తెలియకపోతే ఆ కథలో సగం వినిపించదు.

కాని ఉమ్మడి గదిలో ఉపాధ్యాయుడికి రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, ఎవరూ నొచ్చుకోకూడదని క్రీస్తు పేరే ఎత్తకుండా కథను ‘ఇతరులకు సాయం చేయాలి’ అనే ఒక్క నీతివాక్యానికి కుదించడం. రెండవది, ‘మనం నమ్ముతాం’ అనడం. తెలుగులో మనం వేరు, మేము వేరు. ఆ గదిలో ‘క్రైస్తవులుగా మేము ఇలా నమ్ముతాం’ అనడం సత్యం. ‘మనం’ అనడం, వినే పిల్లల తరఫున మనమే మాట ఇచ్చేయడం. ప్రార్థన విషయంలో ఈ తేడా ఇంకా తీవ్రం. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని పలికించినప్పుడు బిడ్డ వినడం మాని చెప్పడం మొదలుపెడతాడు.

అందువల్ల ప్రాథమిక తరగతులకు కలిపి చెప్పడమే మేలని నా అభిప్రాయం. అయితే కథ వరకే, అదీ ఇంగ్లీషు మీడియం బడి అయినా తెలుగులోనే. 1805లో ఈ ఊరు చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ కూడా సువార్తను తెలుగులోకి తెచ్చే పనికి ఇక్కడే పూనుకున్నారు. సత్యోపదేశం, కంఠస్థం, జపాలు క్రైస్తవ పిల్లలకు నాలుగవ తరగతి నుంచి, బడి విడిచాక అరగంట సేపు చెబితే, పాఠం మధ్యలో బెంచీ మీద నుంచి ఎవరినీ లేపనక్కరలేదు. దివ్యసత్ప్రసాదానికి అంతకంటే ముందే సిద్ధపడే పిల్లలకు విచారణలోని, అంటే స్థానిక చర్చిలోని, ఆదివారపు తరగతి ఉండనే ఉంది. ఉదయపు అసెంబ్లీలో ప్రార్థన జరిగేటప్పుడు పెదవి కదపని పిల్లవాణ్ణి గమనించినా పిలిచి అడగకూడదు.