సిలికా జెల్‌ను ఆరబెట్టడానికి ఏ దారి మేలు?

సోల్-జెల్ పని, అంటే ద్రవంలోనే సిలికా అల్లిక కట్టించి జెల్ చేయడం, మొదలుపెట్టినవారు ఉత్ప్రేరకం దగ్గరే తల బద్దలు కొట్టుకుంటారు. అదీ ముఖ్యమే. ఆమ్లంతో పోగుల్లాంటి అల్లిక, సన్నటి రంధ్రాలు. అమ్మోనియాతో గుండ్రటి కణాల గొలుసులు, పెద్ద రంధ్రాలు. అయితే ఎంత జాగ్రత్తగా జెల్ కట్టించినా, ఆరబెట్టేటప్పుడు అల్లిక కూలిపోతే ఆ శ్రమంతా వృథా.

టీఈఓఎస్ (సిలికానిచ్చే ద్రవం, టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్), ఇథనాల్, నీళ్లు కలిపి ముందు కాస్త ఆమ్లం, తర్వాత కొన్ని చుక్కల అమ్మోనియా వేస్తే, కొంతసేపటికి సీసా వంచినా ద్రవం కదలదు. ఆ జెల్ నిండా ఆల్కహాలే. దాన్ని బయటికి తీయడం ఎలా?

మూత వదులు చేసి వదిలేయడం మొదటి దారి. రంధ్రం వ్యాసార్ధం 5 నానోమీటర్లయితే, ఆరిపోతున్న నీరు తలతన్యత వల్ల గోడలను లాగే ఒత్తిడి 280 వాతావరణాలు దాటుతుంది. ఇథనాల్‌తో అది 90 లోపే, అయినా తక్కువేమీ కాదు. జెల్ బాగా ముడుచుకుని, ఎండిన చెరువు మట్టిలా పగులుతుంది. దీన్ని చెడిపోయిన ఏరోజెల్ (అల్లిక కూలకుండా ఆరి, రంధ్రాల నిండా గాలే ఉన్న తేలికైన జెల్) అని ఈసడించేవారిని చూస్తే నాకు చిరాకు. చెప్పుల పెట్టెలో పొట్లం కట్టి పెట్టే గింజలు ఈ జాతివే. తేమను పట్టి ఉంచాలంటే ఇరుకు రంధ్రాలే కావాలి.

రెండోది, ద్రవానికీ వాయువుకూ తేడా లేని స్థితికి తీసుకెళ్లడం. అక్కడ తలతన్యతే ఉండదు. శామ్యూల్ కిస్ట్లర్ 1931లో ఏరోజెల్‌ను ప్రకటించింది ఈ కిటుకుతోనే. ఆల్కహాల్‌తోనే చేస్తే 240 డిగ్రీలు, 60కి పైగా వాతావరణాలు కావాలి. 1984లో స్వీడన్‌లోని ష్యోబోలో మిథనాల్ లీకై కర్మాగారమే పేలిపోయింది. ముందు ఆల్కహాల్ స్థానంలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ నింపితే, దానికి 31 డిగ్రీలు, 73 వాతావరణాలు చాలు. నేనైతే దీన్నే నమ్ముతాను. ఓపిక మాత్రం కావాలి: పలక మందం రెట్టింపయితే లోపలి ఆల్కహాల్ బయటికి రావడానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. చేతికొచ్చిన పలక నల్లగుడ్డ మీద పొగలా నీలంగా కనిపిస్తుంది. వైల్డ్-2 తోకచుక్క ధూళిని 2004లో స్టార్‌డస్ట్ అంతరిక్ష నౌక పట్టింది ఇలాంటి పలకల్లోనే.

మూడోది గోడల స్వభావాన్నే మార్చడం. ట్రైమిథైల్ క్లోరోసిలేన్‌తో గోడల మీది, నీటిని పట్టే హైడ్రాక్సిల్ సమూహాల స్థానంలో నీటిని నెట్టే మిథైల్ సమూహాలు ఎక్కించి, హెక్సేన్‌తో కడిగి మామూలు పీడనంలోనే ఆరబెడతారు. జెల్ ముడుచుకుంటుంది, కానీ గోడలు ఒకదానికొకటి అతుక్కోలేవు కాబట్టి మళ్లీ ఉబ్బుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగలు, లీటర్ల కొద్దీ హెక్సేన్, రోజుల తరబడి కడుగుడు దీని మూల్యం. పెద్ద పలకలు పగలకుండా రావడం కష్టం.

గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతీ ఉంది గానీ, మంచు స్ఫటికాలు అల్లికను చీల్చేస్తాయి. చాలాసార్లు పొడే మిగులుతుంది.

వేడిని ఆపే గింజలో పొడో కావాలంటే మూడో దారికే నా ఓటు. పారదర్శకమైన పలక కావాలంటే రెండోది తప్పదు. అయితే మిథైల్ ఎక్కించకుండా రెండో దారిలో ఆరబెట్టిన పలక మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి: అది లోపలికి ఇంకి, తడిసిన మేరా ముడుచుకుని పగులుతుంది. మూడో దారి గింజ మీద అదే చుక్క తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోతుంది.