పార్టీ టికెట్టా, ఇండిపెండెంటా?

అసెంబ్లీకి నిలబడే మహిళకు డిపాజిట్‌లో ప్రత్యేక రాయితీ లేదు: 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 5,000. పార్టీ అభ్యర్థికీ, ఇండిపెండెంట్‌కూ తేడా నామినేషన్ పత్రంపై సంతకాల దగ్గరే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇండిపెండెంట్‌కు పదిమంది, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. ఒక్కరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉన్నా ఆ నామినేషన్ సెట్టు పోయినట్టే. వేరే పదిమందితో రెండో సెట్టు వేసుకోవడం మేలు. నాలుగు దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒకటే.

పార్టీ దారిలో గండం బీ-ఫారం, అంటే ఈమే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం. నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు, సిరా సంతకంతో రిటర్నింగ్ అధికారికి చేరాలి, జిరాక్స్ చెల్లదు. ఆఖరి గంటలో అది ఇంకొకరి పేరిట మారడమూ చూస్తుంటాం. పదిమంది సంతకాలతో ఇంకో సెట్టు ముందే వేసి ఉంటే ఇండిపెండెంట్‌గానైనా బరిలో ఉండొచ్చు. గుర్తు మాత్రం ఉపసంహరణ గడువు ముగిశాకే. దాన్ని జనంలోకి తీసుకెళ్లడానికి మిగిలేది దాదాపు రెండు వారాలే.

పెళ్లయ్యాక ఓటు పుట్టింటి ఊళ్లోనే ఉండిపోయిందా? అదే రాష్ట్రమైతే అడ్డు లేదు, ఆ ఓటర్ల జాబితా సర్టిఫైడ్ కాపీ జతచేయాలి.