వెనక బంపర్ పగిలితే ఏది మేలు: అతికించడమా, ఇంట్లో మార్చుకోవడమా, షోరూముకు ఇవ్వడమా?

మన డెల్టాలో కారుకు ముందు బంపర్ కంటే వెనక బంపరే ఎక్కువ దెబ్బలు తింటుంది. దాళ్వా (రెండో పంట) మాసూళ్ల రోజుల్లో కాలవ గట్టు మీద ఎదురుగా వడ్ల లోడు ట్రాక్టరు వచ్చిందంటే తప్పుకునే చోటు దొరికేదాకా మనమే రివర్సులో వెళ్లాలి. ఆ వెళ్లడంలో ఏ తూము రాయో, కొబ్బరి చెట్టో, కరెంటు స్తంభమో తగులుతుంది. సంక్రాంతికి ఊరి కార్లన్నీ ఒకే వీధిలో ఇరుక్కున్నప్పటి సంగతి సరేసరి. తగిలాక ఏం చేయాలన్నదే అసలు తలనొప్పి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బిగించడం ఇంట్లో చేసుకోండి, రంగు మాత్రం ఇంట్లో వేయకండి. ఇక అతికించాలా, మార్చాలా అన్నది పగులు ఎంత పెద్దదో చూసి తేల్చుకోవద్దు, చెవులు ఉన్నాయో లేదో చూసి తేల్చుకోండి.

చెవులంటే, బంపర్ తొడుగు అంచుల్లో క్లిప్పులు, స్క్రూలు పట్టుకునే చిన్న ప్లాస్టిక్ ముక్కలు. బయటికి కనిపించేదంతా పల్చటి పాలీప్రొపిలీన్ తొడుగే. చాలా కార్లలో దాని వెనక ఇనుప బీమ్ ఉంటుంది, కొన్నిటిలో మధ్యలో ఫోమ్ కూడా ఉంటుంది. చక్రం పైన, బంపర్ బాడీని కలిసే మూల దగ్గర వేలు పెట్టి లాగి చూడండి. గట్టిగా నిలబడితే చెవి ఉన్నట్టు. ఊగుతూ సందు వస్తుంటే అది విరిగినట్టు, ఎంత అందంగా అతికించినా నాలుగు గతుకుల రోడ్లు తిరిగేసరికి ఆ సందు మళ్లీ వస్తుంది. డిక్కీ మూత సరిగ్గా పడకపోయినా, రెండు పక్కలా సందు తేడాగా కనిపించినా లోపల బీమ్ వంగిందేమో అనుమానించాలి. అలాంటప్పుడు ఇంటి పని మాట మర్చిపోయి టింకరింగ్ షెడ్డుకు వెళ్లిపోవడమే.

చెవులు బాగుండి సొట్ట ఒక్కటే పడితే ఖర్చే లేదు. బాగా కాగిన నీళ్లు సొట్ట మీద నెమ్మదిగా పోసి, చేతికి మందపాటి గ్లోవ్ వేసుకుని లోపలి నుంచి నెట్టండి, చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. పగులు ఉంటే మాత్రం మామూలు జిగురుతో అతికించే పని పెట్టుకోవద్దు. ఈ ప్లాస్టిక్‌కు ఫెవిక్విక్ లాంటివి పట్టవు, రెండు రోజులు నిలబడి ఊడిపోతాయి. లోపలి వైపు చూస్తే ప్లాస్టిక్ రకం పీపీ (పాలీప్రొపిలీన్) అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం (రబ్బరు కలిపినది) అనో అచ్చు వేసి ఉంటుంది, అదే రకం కడ్డీతో వెల్డింగ్ చేసేవాళ్లు కావాలి. వేడి చేసిన స్టేపుల్ పిన్నులు లోపలి వైపు దించి, దాని మీద వెల్డింగ్ చేస్తే జానెడు పగులైనా బాగానే ఆగుతుంది. పని చేసేవాణ్ణి ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: పుట్టీ పల్చగా పెట్టమని. మందంగా పెడితే బంపర్ వంగినప్పుడల్లా అది వంగలేక చిట్లుతుంది.

చెవులు పోతే కొత్త తొడుగే దారి. ఇక్కడ మనవాళ్లు అనవసరంగా భయపడతారు గానీ, మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు దాన్ని విప్పి బిగించడం ఒక పూట పని. డిక్కీ తెరిచి మొదట వెనక వైపు లైట్లు తీయాలి. ఒకటో రెండో స్క్రూలు విప్పాక లైటును పక్కకు తిప్పకుండా తిన్నగా వెనక్కి లాగాలి, లోపల గుండ్రటి తలల ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి కాబట్టి మెలిపెడితే విరుగుతాయి. లైట్ల కింద, చక్రం గూటిలో, అడుగున బోల్టులు, స్క్రూలు, క్లిప్పులు ఉంటాయి. ఎక్కువ బండ్లకు పది నంబరు స్పానరు, స్టార్ స్క్రూడ్రైవరు, ఒక చదును స్క్రూడ్రైవరు సరిపోతాయి.

అన్నిటికంటే విసిగించేది చక్రం గూటిలో ప్లాస్టిక్ క్లిప్పు. దాని మధ్యలో ఒక చిన్న పిన్ను ఉంటుంది, ముందు ఆ పిన్ను పైకి వస్తేనే క్లిప్పు వదులుతుంది. మన దగ్గర ఆ గుంటలో ఒండ్రు మట్టి చేరి సిమెంటులా గట్టిపడిపోతుంది, అలాగే స్క్రూడ్రైవరు దూరిస్తే పిన్ను తల తెగి చేతికొస్తుంది. పైపుతో నీళ్లు కొట్టి, పది నిమిషాలు నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో గీకి, అప్పుడు పిన్నును గోటితో లేపినంత నెమ్మదిగా లేపండి. విరిగినా కంగారు లేదు, స్పేర్ పార్టుల షాపులో విడిగా దొరుకుతాయి, ముందే ఓ అరడజను తెచ్చిపెట్టుకుంటే టెన్షన్ ఉండదు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగే బండికైతే ఉప్పు గాలికి బోల్టులు తుప్పుతో బిగుసుకుంటాయి, తుప్పు వదిలించే స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి.

చివర్లో తొడుగును లాగేటప్పుడు రెండో మనిషి తప్పనిసరి. మూల దగ్గర బయటికి లాగితే టకటకమని వదులుతుంది, ఆ ఊపులో దూరంగా లాగేయకండి. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ రివర్స్ సెన్సర్లు తప్పనిసరి కాబట్టి లోపల వైరు ఉంటుంది, ముందు దాని కనెక్టర్ తీయాలి. కొత్త తొడుగు కొనేటప్పుడు సెన్సర్లకు రంధ్రాలు ఉన్నాయో లేవో అడగడం మర్చిపోవద్దు. వెనక మూలల్లో రాడార్ ఉన్న ఖరీదైన కార్లయితే ఈ పని ఇంట్లో వద్దే వద్దు, బిగించాక దాన్ని మళ్లీ సరిచూడాల్సి రావచ్చు.

కొత్త తొడుగు చాలావరకు రంగు లేకుండానే వస్తుంది. స్ప్రే డబ్బా కొని పెరట్లో కొట్టేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ప్లాస్టిక్‌కు వేరే ప్రైమర్ కావాలి, మెటాలిక్ రంగులకు, ముత్యపు తెలుపుకు షేడ్ కలపడం చేయి తిరిగినవాళ్ల పని, పైగా వానాకాలంలో మన గాలి నిండా చెమ్మ. మంచి పెయింటరైతే అలాంటి రోజున మనం తొందరపెట్టినా ఒప్పుకోడు, “ఇవాళ వద్దండి, పాలిపోద్దండి” అని మొహం మీదే చెప్పేస్తాడు. అలా చెప్పేవాడి దగ్గరే వేయించండి. తొడుగును విడిగా తీసుకెళ్లి, బండి మీద ఉన్న కలర్ కోడ్ చూపించి వేయించుకుంటే, కారును వారం రోజులు షెడ్డులో వదిలే బాధ ఉండదు.

పాత సామాన్లకు విజయవాడ ఆటోనగర్ వెళ్లేవాళ్లు ఉన్నారు. మన రంగే దొరికితే అంతకంటే లాభం లేదు. వేరే రంగు దొరికితే ఎలాగూ పెయింటింగ్ తప్పదు కాబట్టి కొత్తదానికీ దానికీ ఖర్చులో తేడా తగ్గిపోతుంది. తీసుకునే ముందు తిరగేసి చెవులు లెక్కపెట్టండి, లోపల వెల్డింగ్ గుర్తులు ఉంటే వదిలేయండి.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది లెక్క వేయకుండానే తేల్చేస్తారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ సామానుకు సగం తరుగు కొట్టేస్తారు, దానికి తోడు 1500 సీసీ లోపు కారుకు 1000 రూపాయలు మనమే కట్టుకోవాలి. జీరో డెప్ (తరుగు కొట్టని యాడ్ ఆన్) ఉంటే ఆ సగం బాధ తప్పుతుంది. కానీ ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మొత్తం పోతుంది, మళ్లీ 20 శాతం నుంచి మొదలుపెట్టి 50 శాతానికి చేరడానికి ఐదేళ్లు. బోనస్ కాపాడే యాడ్ ఆన్ లేనివాళ్లకు, ఐదేళ్లుగా క్లెయిమ్ లేకుండా వచ్చినవాళ్లకు, ఉత్త బంపర్ కోసం క్లెయిమ్ దండగ. బంపర్‌తో పాటు డిక్కీ తలుపు, లైటు కూడా పోతేనే ఆలోచించండి.

నంబరు ప్లేటు బంపర్ మీదే ఉండే కార్లవాళ్లకు మరో మాట. హై సెక్యూరిటీ ప్లేటుకు ఉండే స్నాప్ లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు. కాబట్టి ఇంట్లో మార్చే ముందే ఆ లాక్ మళ్లీ ఎక్కడ వేస్తారో కనుక్కోండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే, ఈ ఒక్క కారణం మీద బిగింపు కూడా షోరూముకే ఇచ్చేయొచ్చు.