తలదెబ్బ తర్వాత గేమ్స్‌తో థెరపీ, వైజాగ్ ఎంవీపీ కాలనీ రిహాబ్ సెంటర్: 4 స్టార్లు

ఇంట్లో తలకి దెబ్బ తగిలిన మనిషి ఉన్నవాళ్ళ కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నా. నేను వెతికినప్పుడు రివ్యూలన్నీ "గుడ్ సర్వీస్, స్టాఫ్ ఫ్రెండ్లీ" ఇంతే, లోపల ఏం చేయిస్తారో ఒక్కళ్ళూ రాయలేదు.

మా ఆయనకి 44, గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని. కూర్మన్నపాలెం దగ్గర బండి యాక్సిడెంట్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికి జీసీఎస్, అంటే స్పృహ ఎంత ఉందో కొలిచే స్కోర్, 9 అన్నారు, 15 ఉంటే ఫుల్ స్పృహ అన్నట్టు, 9 అంటే మోడరేట్ కింద లెక్క. ఆపరేషన్ అయ్యింది, ప్రాణం దక్కింది, ఇప్పుడు నడుస్తున్నారు మాట్లాడుతున్నారు, చూడ్డానికొచ్చిన చుట్టాలంతా బానే ఉన్నాడు కదమ్మా అనేసి వెళ్ళిపోతారు. కానీ కుడిపక్క బలం తగ్గింది, ఒక పని మొదలెట్టి మధ్యలో ఇంకోదాన్లోకి వెళ్ళిపోతారు, టీవీ సౌండ్ కాస్త పెరిగినా అరుస్తారు. మెదడు ముందు భాగానికి ఎడమపక్క దెబ్బ గట్టిగా తగిలిందమ్మా, కోపం ఆపుకోడం, ధ్యాస నిలపడం అంతా ఆ భాగం చూసే పనే, మందులొక్కటే సరిపోవు, రోజూ సాధన చేయించాలి అన్నారు న్యూరో డాక్టర్ గారు. అలా ఈ సెంటర్‌కి వచ్చాం.

మొదటిరోజు గేమ్ ముట్టుకోనివ్వలేదు, అది నాకు బాగా నచ్చింది. డిస్చార్జ్ సమ్మరీ, సీటీ రిపోర్ట్ చూశారు, ఫిట్స్ వచ్చాయా, ఫిట్స్ మందు వేళకి వేస్తున్నారా, వెలుతురుకి తలనొప్పి వస్తుందా అని ఒక్కోటీ అడిగారు. తలదెబ్బ తర్వాత కొంతమందికి ఫిట్స్ వస్తాయి, స్క్రీన్ మీద లైట్లు టపటపా మెరిస్తే కొందరికి అది కూడా రెచ్చగొడుతుంది, అందుకే అడుగుతారంట. ఇవేవీ అడక్కుండా నేరుగా టీవీ ముందు నిలబెట్టే చోటికి మాత్రం వెళ్ళకండి.

గేమ్ రూమ్‌లో పెద్ద టీవీ, నింటెండో వీ బ్యాలెన్స్ బోర్డ్, ఒంటి కదలికల్ని పట్టి గేమ్ ఆడించే ఎక్స్‌బాక్స్ కైనెక్ట్ కెమెరా, ట్యాబ్‌లో ధ్యాసకీ జ్ఞాపకానికీ ఆటలు, కళ్ళకి పెట్టుకుంటే గేమ్ లోపలే ఉన్నట్టు కనిపించే ఒక వీఆర్ హెడ్‌సెట్ ఉన్నాయి. వీ, కైనెక్ట్ రెండూ పాతవే, కైనెక్ట్ తయారీ 2017 లోనే ఆపేశారు కూడా. పాతవని చిన్నచూపు చూడక్కర్లేదు, ఇక్కడ బాగానే పనిచేస్తున్నాయి.

బ్యాలెన్స్ బోర్డ్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. బాత్రూమ్ తూకం మెషీన్ లాగే ఉంటుంది, కింద నాలుగు మూలలా నాలుగు సెన్సార్లు, మనిషి బరువు ఏ కాలి మీద ఎంత వేస్తున్నాడో టీవీలో ఒక చుక్క కదిలి చూపిస్తుంది. మా ఆయన బరువంతా ఎడంకాలి మీదే వేస్తారు, ఇంట్లో నేను "కాస్త ఇటు నిలబడండి" అంటే "నేను స్ట్రెయిట్‌గానే ఉన్నాను, నీకే వంకరగా కనబడుతోంది" అని గొడవ. అది మొండితనం కాదంట, తనలో తేడా ఉందని తనకే తెలియకపోవడం ఈ దెబ్బలో భాగమేనంట. బోర్డ్ ఎక్కాక చుక్క ఎడమకి పోయింది, ఆయన కాసేపు చూశారు, మెల్లగా కుడికాలి మీద బరువు వేశారు, చుక్క మధ్యలోకి వచ్చింది. ఒక్క మాట అనలేదు. నేను నెలల తరబడి చెప్పి ఒప్పించలేనిది ఆ చుక్క ఒప్పించింది, ఎందుకంటే చుక్క మీద కోప్పడ్డానికి ఏం లేదు, అది పెళ్ళామూ కాదు అమ్మా కాదు. నాకు ఆ రోజు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

మా అత్తగారికి మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు, "ఇదేటమ్మా, డబ్బులు కట్టి మరీ ఆటలాడిస్తన్నారు" అని. చాలామందికి ఇదే డౌట్ ఉంటుంది, ఇంట్లో పిల్లల ఫోన్‌లో ఆడిస్తే సరిపోదా అని, నన్ను కూడా నలుగురు అడిగారు. నేను చూసినంతలో డబ్బు ఇచ్చేది గేమ్‌కి కాదు, పక్కన నిలబడే మనిషికి. మా థెరపిస్ట్ చిన్నమ్మాయే, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది, నడుముకి బెల్ట్ కట్టి ఒక చెయ్యి దాని మీదే ఉంచుతుంది, ఒరిగితే పట్టుకోడానికి. బౌలింగ్ గేమ్‌లో ఓడిపోతే వచ్చే సౌండ్‌కి ఆయనకి చిరాకు వస్తోందని రెండోసారికే గమనించి మ్యూట్‌లో పెట్టేసింది. పది నిమిషాలు ఆడాక కళ్ళు వాలుతున్నాయా, మాట తడబడుతోందా అని చూసి, ఆయన ఇంకా ఆడతానన్నా ఆపేసి కూర్చోబెడుతుంది, ఎందుకంటే మెదడు అలసిపోయాక చేసింది ఒంటబట్టదు సరికదా సాయంత్రమంతా తలనొప్పి, విసుగు. ఈ గేములు మామూలు జనం కోసం చేసినవి, స్పీడ్ ఎక్కువ, ఒకేసారి బోలెడు రంగులు, వాటిని మన మనిషికి తగ్గట్టు తగ్గించేవాళ్ళు పక్కన ఉండాలి.

ఇంకో సంగతి, ఇక్కడ స్కోర్‌ని నెత్తిన పెట్టుకోరు. ట్యాబ్‌లో బొమ్మలు గుర్తుపెట్టుకునే ఆటలో ఆయన స్కోర్ బాగా పెరిగింది, మేం సంబరపడిపోయాం, ఆ అమ్మాయి మాత్రం "వదినా, ఆ ఆట ఆడగా ఆడగా ఆ ఆట వస్తుంది, బయట పనికి వస్తుందో లేదో అది వేరే చూడాలి" అంది. చూడ్డానికి ఏం చేసిందంటే, సెషన్ అవగానే ఎంవీపీ రైతుబజార్‌కి పంపింది, చీటీ లేకుండా మూడు కూరలు, బోర్డు మీద రేటు చూసి తనే లెక్కకట్టి చిల్లర తెచ్చుకోవాలి, నేను వెనకాల ఉండాలి కానీ నోరెత్తకూడదు. మొదట్లో వంకాయలు తెచ్చి మిగతా రెండూ మర్చిపోయి, జనం గోలకి తల పట్టుకుని నిలబడిపోయారు. ఇప్పుడు మూడూ తెస్తున్నారు, చిల్లర కూడా సరిచూసుకుంటున్నారు. నా లెక్కలో ట్యాబ్ స్కోర్ కంటే ఇది వందరెట్లు.

అబద్ధపు ఆశలు పెట్టరు కూడా. సూపర్ మారియో 64 అనే వీడియో గేమ్ ఆడితే మెదడు పెరుగుతుందని ఎవరో వాట్సాప్‌లో పంపితే ఆ అమ్మాయికి చూపించాను. బెర్లిన్‌లో అలాంటి స్టడీ నిజంగానే జరిగింది, రోజుకి అరగంట చొప్పున రెండు నెలలు ఆడినవాళ్ళకి జ్ఞాపకాన్ని చూసే హిప్పోక్యాంపస్ లాంటి చోట్ల గ్రే మ్యాటర్, అంటే మెదడు కణాలుండే పదార్థం, పెరిగింది, కానీ వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, తలదెబ్బ వాళ్ళు కాదు అని విడమర్చి చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్ళ మీద చేసిన 72 ట్రయల్స్ కలిపి 2017లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే సంస్థ వాళ్ళు చూస్తే, చేతి కదలికకి ఇలాంటి థెరపీ మామూలు ఫిజియో కంటే గొప్పదేం కాదు, దానికి తోడుగా చేస్తే ఉపయోగపడొచ్చు అని తేలిందంట, అందుకే ఇక్కడ గేమ్ ఎంతసేపో మామూలు ఎక్సర్‌సైజులు కూడా అంతసేపు చేయిస్తారు. మా ఆయన విషయంలో గేమ్ చేసిన మేలు ఏంటంటే, ఎక్సర్‌సైజ్ అంటే మొహం తిప్పుకునే మనిషి బౌలింగ్ అంటే పొద్దున్నే తయారై కూర్చుంటున్నారు.

వీఆర్ హెడ్‌సెట్ మాకు పడలేదు. పెట్టగానే కళ్ళు తిరిగి వాంతి వచ్చినట్టయ్యింది, వెంటనే తీసేశారు, మళ్ళీ బలవంతం చెయ్యలేదు. తల తిరగడం ఉన్నవాళ్ళయితే ముందే చెప్పండి.

ఇంక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సెషన్‌కి 700, ముందే ప్యాకేజీ కట్టమని రిసెప్షన్‌లో పట్టుబడతారు. మా లాంటివాళ్ళకి అది పెద్ద మొత్తం, గట్టిగా అడిగితే విడివిడిగా తీసుకున్నారు, మీరూ అడగండి. సాయంత్రాలు ఫుల్ రష్, ఒకే రూమ్‌లో రెండు టీవీలు మోగుతుంటే ధ్యాస నిలవని మనిషికి నరకం. గాజువాక నుంచి అయితే ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటి వచ్చేసరికే సగం ఓపిక అయిపోతుంది, కాబట్టి ఉదయం మొదటి స్లాటే తీసుకుని, వచ్చాక కాసేపు కూర్చోబెట్టి అప్పుడు మొదలెట్టమనండి.

లిఫ్ట్ సంగతి మేనేజ్‌మెంట్ వాళ్ళు దయచేసి చూడండి. సెంటర్ ఉన్నది రెండో అంతస్తులో, లిఫ్ట్ తరచూ ఆగిపోతోంది, మెట్లకి ఒక పక్కే రెయిలింగ్, అది కూడా ఎక్కేటప్పుడు ఎడమచేతికి వస్తుంది. దిగేటప్పుడు కుడిచెయ్యి బలం లేనివాళ్ళు దేన్ని పట్టుకుని దిగాలి? రెండో పక్క కూడా ఒక పైపు వేయించండి, పెద్ద ఖర్చేం కాదు.