లోటే లేమన్, మరియా కలాస్: బోధనలో రెండు దారులు

రంగస్థలం విడిచిన సొప్రానో (స్త్రీ గొంతుల్లో అత్యంత హెచ్చు స్థాయి) గాయని తన విద్యను తర్వాతి తరానికి ఎలా అందించాలన్న ప్రశ్నకు ఈ ఇద్దరూ ఇచ్చిన జవాబులు ఎంతో భిన్నమైనవి.

1888లో జర్మనీలోని పెర్లెబెర్గ్‌లో పుట్టిన లేమన్, 1910లో హాంబర్గ్‌లో రంగప్రవేశం చేసి, వియన్నాలో ఖ్యాతి గడించి, రిచర్డ్ స్ట్రౌస్ ఒపెరా (పాటలతో సాగే నాటకం) ‘డెర్ రోజెన్‌కవలియర్’లోని సోఫీ, ఆక్టేవియన్, మార్షలిన్ పాత్రలు మూడింటినీ పాడారు. నాజీల కాలంలో అమెరికా చేరిన ఆమె, 1951లో కచేరీలకు వీడ్కోలు పలికాక, శాంటా బార్బరాలోని మ్యూజిక్ అకాడమీ ఆఫ్ ది వెస్ట్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. గొంతు సాధన కంటే సాహిత్యంలోని భావానికే ఆమె ఎక్కువ విలువ ఇచ్చి, షూబర్ట్, షూమన్ గీతాల్లోని మాటకు చూపూ ముఖమూ ఎలా స్పందించాలో స్వయంగా అభినయించి చూపేవారు. 1961లో జర్మనీలోని బైరాయిట్ ఒపెరా ఉత్సవంలో, వాగ్నర్ ఒపెరా ‘టాన్‌హోయిజర్’లోని వీనస్ పాత్ర పాడిన గాయని గ్రేస్ బంబ్రీ ఆమె శిష్యురాలే.

కలాస్ బోధన చాలా స్వల్పకాలికం. 1965లో లండన్‌లో చివరిసారి ఒపెరా పాడిన ఆమె, 1971-72లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూల్‌లో కొద్ది నెలలు మాత్రమే తరగతులు నిర్వహించారు. ఏథెన్స్‌లో ఎల్విరా డి హిడాల్గో అనే మరో సొప్రానో వద్ద శ్రమించి నేర్చిన ఆమెకు స్వరకర్త రాసిన స్వరలిపే ప్రమాణం. భావం కూడా అందులోంచే పుట్టాలని ఆమె పట్టుబట్టేవారు.

గొంతు ఇంకా కుదురుకోని విద్యార్థికి కలాస్ కచ్చితత్వమే మేలని నా అభిప్రాయం. అయితే శిష్యుల వెంట అన్నేళ్లు నడిచిన లేమన్‌నే నేను గొప్ప గురువుగా భావిస్తాను.