మూసీ పుట్టిన కొండకు వెళ్తున్నారా? ఎక్కడ దిగాలి, ఏం అడగాలి

మూసీ పుట్టింది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లే దారిలో అప్పా జంక్షన్ దాటితే మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్లు. బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల మర్రిచెట్లు ఉన్నది ఇక్కడే. రోడ్డు విస్తరణలో దాదాపు 900 చెట్లకు ముప్పు వస్తే వాటి కోసం జనం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. తెల్లవారుజామున బయలుదేరితే ఆ నీడను తీరిగ్గా చూడొచ్చు. బండి మాత్రం చెట్టు మొదట్లో ఆపొద్దు. చక్రాల బరువుకు మట్టి గట్టిపడితే వేళ్లకు గాలి, నీరు అందవు. కారు లేనివాళ్లకు రైలే మేలు. సికింద్రాబాద్, లింగంపల్లిలో ఎక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగితే అక్కడి నుంచి అనంతగిరికి ఆటోలో వెళ్లిపోవచ్చు.

అనంతగిరి పైభాగం ఎర్రటి లేటరైట్. రంధ్రాలున్న రాయి కాబట్టి వాననీటిని పీల్చుకుంటుంది, కింద గట్టి నల్లరాయి తగిలిన చోట ఊటగా వదులుతుంది. మూసీ మొదలయ్యేది ఇలాగే. కొండకు ఒకవైపు పడిన వాన మూసీలోకి, ఇంకోవైపుది కాగ్నా నదిలోకి పోతుంది. అనంత పద్మనాభస్వామి గుడి, అడవి బాట, లోయ చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. ఎండాకాలంలో నది పుట్టుక చూద్దామని వెళ్తే తడి రాళ్లు కూడా దొరక్కపోవచ్చు. కోతులకు తిండి పెట్టొద్దు. చిప్స్ కవర్లు కాలువల్లోకి చేరేది అలాగే.

బస విషయంలో లోయ దగ్గర, గుడి దగ్గర ఉండాలనుకునేవారికి పర్యాటక సంస్థ హరిత రిసార్టు అనువైన చోట ఉంది. వారాంతానికైతే ముందే బుక్ చేసుకోవాలి. మిగిలినవి ప్రైవేటు రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు, టెంట్లు. ఇవి ఏటా పెరుగుతున్నాయి. ఫొటోలు చూసి ఎంచుకోకండి, ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఎక్కడివి? ట్యాంకరే అని చెబితే అవి పక్క ఊరి రైతు బోరులోంచి తోడినవే అయ్యే అవకాశం ఎక్కువ. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న ఈతకొలను నిండాలంటే 60,000 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైనా 400 లీటర్లు పోయినట్టే, ఫిల్టరు కడిగే నీళ్లు దానికి అదనం. రెయిన్ డ్యాన్స్ నీళ్లు తిరిగి వాడుతున్నారో లేదో కూడా అడగాలి.

రెండోది: పైకప్పు వాన ఎటు పోతోంది? 200 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో 80 శాతం పట్టినా 1,28,000 లీటర్లు వస్తాయి. పైన చెప్పిన కొలను రెండుసార్లు నిండుతుంది. ఇంకుడు గుంత ఉందంటే పై ఇసుక పొరను వానాకాలానికి ముందు మారుస్తున్నారా అని అడగండి. ఒండ్రు పేరుకున్న గుంతలో నీళ్లు నిలబడతాయే గానీ ఇంకవు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మరుగుదొడ్డి నీళ్లు. రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత సోక్‌పిట్ (ట్యాంకు దాటిన నీరు ఇంకే గుంత) ఉంటే ఫరవాలేదు. సెప్టిక్ ట్యాంకు లేకుండా నేరుగా అడుగు కట్టని గుంతైతే వద్దు. లేటరైట్ పగుళ్లలోంచి మురికి వడకట్టకుండానే దిగువ బావులకు, ఊటకు చేరుతుంది. నీటి అంచున వేసిన టెంట్లతో ఇదే పెద్ద చిక్కు. నీటికి దూరంగా కట్టిన మరుగుదొడ్లు లేని క్యాంపుకు ఎంత అందమైన చోటైనా వెళ్లొద్దు.

వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టు జలాశయంలో కయాకింగ్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కోసమే చాలామంది వస్తారు. పొద్దున్నే వెళ్తే గాలి తక్కువ, తెడ్డు వేయడం తేలిక. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ బిగించుకున్నాకే ఎక్కండి. వానాకాలంలో అలుగు మీదకు దిగొద్దు. నాచు పట్టిన రాతి మీద కాలు నిలవదు. దామగుండం పాత గుడికి వెళ్లాలనుకుంటే ముందే స్థానికంగా కనుక్కోండి. అక్కడి అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో రాడార్ కేంద్రంగా పిలుస్తున్న నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది.

తిరుగు దారిలో గండిపేట దగ్గర ఆగితే ఇదంతా ఎందుకు అడగాలో తెలుస్తుంది. 1908 వరద తర్వాత మూసీ మీద కట్టి 1920లో పూర్తిచేసిన ఈ చెరువుకు నీరు వికారాబాద్ వైపు నుంచే రావాలి. 1996 నాటి జీవో 111 జంట జలాశయాలైన గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ఆ ఆంక్షలనూ సడలించారు. వికారాబాద్ ఎగువ ప్రాంతం మాత్రం ఏనాడూ ఆ పరిధిలో లేదు. అక్కడ వెంచర్ ప్రహరీ కట్టి వాగును మూసేస్తే గండిపేటకు వచ్చే నీరు అంతమేర తగ్గినట్టే. అందుకే ఫామ్ ప్లాటు చూడ్డానికి కూడా ఇదే ట్రిప్పులో వెళ్లేవాళ్లు బ్రోచర్‌తో సరిపెట్టుకోకుండా గ్రామ నక్షా (ఊరి రెవెన్యూ పటం) తీసుకుని, వాగు గీత ప్లాటులోంచి పోతోందేమో చూసుకోవాలి. వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లండి. నీళ్లు ఏ దారిన వచ్చాయో నేల మీదే కనబడుతుంది.