ట్రినిడాడ్‌లో అద్దె ఇల్లు: సముద్రం సంగతి తర్వాత, ముందు నీళ్ళ ట్యాంకు చూడండి

కరీబియన్ అనగానే మనవాళ్ళకి క్రికెట్టు, ఆ తర్వాత బీచ్‌లూ గుర్తొస్తాయి. ట్రినిడాడ్‌లో రెండూ ఉన్నాయి గానీ, ఆ దేశానికి అన్నం పెట్టేది చమురు, సహజవాయువు. పక్క దీవుల్లోలాగా టూరిస్టులే ఆధారం కాదు. ఇల్లు వెతికేవాళ్ళు ఈ సంగతి మొదట తెలుసుకోవాలి. అక్కడ ఖరీదైన ఫ్లాట్లు అధికభాగం ఆయిల్ కంపెనీల విదేశీ ఉద్యోగులను ఉద్దేశించి కట్టినవి. వాళ్ళ అద్దె కంపెనీ కడుతుంది. మనది మనమే కట్టుకోవాలి.

మా ఆవిడకి సెయింట్ ఆగస్టీన్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. నేను నా ఉద్యోగానికి సెలవు పెట్టి వెంట వెళ్ళాను కాబట్టి ఇంటి వేట, బ్యాంకు, వంట అన్నీ నా వంతు. అంతకుముందు మేం బార్బడోస్ అనుకున్న మాట నిజమే. 2020లో వాళ్ళు పెట్టిన ‘వెల్కమ్ స్టాంప్’ వీసాతో ఏడాదిపాటు అక్కడ ఉండి, బయటి దేశపు ఉద్యోగం కంప్యూటర్ మీద చేసుకోవచ్చు. ఫీజు ఒక్కరికైతే 2,000 అమెరికన్ డాలర్లు, కుటుంబానికి 3,000. ఏడాదికి కనీసం 50,000 డాలర్ల ఆదాయం చూపించాలి. బార్బడోస్ అందంగా, పద్ధతిగా ఉంటుంది, కానీ దుకాణంలో దొరికేవన్నీ ఓడ దిగిన సరుకులే, ధరలు కూడా అలాగే ఉంటాయి. సెలవుల మీద వెళ్ళడానికి బార్బడోస్, సంసారం పెట్టడానికి ట్రినిడాడ్ అన్నది నా లెక్క. ఇంకో కారణం తుపాన్లు. 2024 జులైలో బెరిల్ తుపాను గ్రెనడాకు చెందిన కారియాకూ దీవిని నేలమట్టం చేసింది. ట్రినిడాడ్ ఆ దారికి కాస్త దక్షిణంగా ఉండటంతో చాలాసార్లు తప్పించుకుంటుంది. అసలు తిప్పలు వానలతోనే.

వెళ్ళడం తేలిక కాదు. న్యూయార్క్, మయామీ మీదుగా విమానాలు బోలెడు, కానీ మన పాస్‌పోర్టుకి అమెరికా ట్రాన్సిట్ వీసా ఉండాలి. అది లేనివాళ్ళు లండన్, ఆమ్‌స్టర్‌డామ్ దారులు చూసుకోవాలి, అక్కడి ట్రాన్సిట్ నియమాలు కూడా ముందే కనుక్కోవాలి. పన్నెండు నెలల్లో ఒకసారి, 30 రోజుల వరకు వర్క్ పర్మిట్ లేకుండా పనిచేయొచ్చు. అంతకుమించితే పర్మిట్ చేతిలో ఉండాల్సిందే. ఆ అర్జీని ఉద్యోగం ఇచ్చేవాళ్ళే పెడతారు, మనం వెంటపడుతూ ఉండాలి.

ఇక ఇళ్ళ సంగతి. ఏజెంట్లు మొదట తీసుకెళ్ళేది రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి పశ్చిమాన ఉన్న వెస్ట్‌మూరింగ్స్‌కి. ఇంటర్నేషనల్ స్కూల్ అక్కడే ఉంది, అందుకే విదేశీ కుటుంబాలు అక్కడ గుమిగూడతాయి. గేటు దగ్గర గార్డు, ఈత కొలను, జనరేటర్, బాల్కనీలోంచి సముద్రం. మేం చూసినప్పుడు సామాన్లతో సహా రెండు బెడ్‌రూములకి నెలకి 1,500 నుంచి 2,500 డాలర్ల దాకా చెప్పారు. ఆ డాలర్లు అమెరికావి, దాని గురించి తర్వాత చెప్తాను. ఫ్లాట్లకి పేరు పెట్టడానికి లేదు. కానీ రాజధానికి తూర్పున ఉన్న సెయింట్ ఆగస్టీన్‌లో పనిచేసేవాళ్ళు అక్కడుంటే రోజూ పొద్దున్నా సాయంత్రం రాజధానిని అటూ ఇటూ దాటాలి. నన్నడిగితే ఉద్యోగం పశ్చిమానే ఉండి, అద్దె కంపెనీ కట్టేవాళ్ళకే వెస్ట్‌మూరింగ్స్.

నగరంలోనే ఉన్న వుడ్‌బ్రూక్, సెయింట్ జేమ్స్ నాకు నచ్చాయి. చెక్క నగిషీల పాత ఇళ్ళు, నడిచి వెళ్ళేంత దూరంలో తిండి, పక్కనే క్వీన్స్ పార్క్ ఓవల్ స్టేడియం. పెళ్ళికానివాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే కార్నివాల్ సీజన్‌లో అక్కడ నిద్ర గురించి మర్చిపోవాలి. ఆష్ వెన్స్‌డేకి (ఈస్టర్ ముందు క్రైస్తవుల ఉపవాసాలు మొదలయ్యే బుధవారం) ముందు వచ్చే సోమ, మంగళవారాల పండగ అని పేరే గానీ, క్రిస్మస్ వెళ్ళీ వెళ్ళగానే పాటలు, పార్టీలు మొదలవుతాయి. ఆ రోజుల్లో తాత్కాలిక గదుల అద్దె కూడా కొండెక్కుతుంది. ఉద్యోగంలో చేరే తేదీ ఫిబ్రవరిలో పడితే వీలైనంత వరకు వెనక్కో ముందుకో జరపమని అడగండి.

మధ్య ట్రినిడాడ్‌లోని చగ్వానస్ పట్టణం మాటకొస్తే, ‘ఇండియన్లు ఎక్కువ, మీకు అక్కడ బాగుంటుంది’ అని అందరూ చెప్తారు. ఇండియన్లు ఎక్కువన్నది నిజం. చీరల దుకాణాలు, దీపావళి ముందు దివాళీ నగర్ సంబరాలు, ఇళ్ళ ముందు రంగురంగుల జెండాలతో దేవుడి గద్దెలు. అద్దె కూడా తక్కువే. కానీ అది పల్లపు భూమి. 2018 అక్టోబరు వరదల్లో మధ్య ట్రినిడాడ్‌లో ఎన్నో కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. పైగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కో సెయింట్ ఆగస్టీన్‌కో పనికి వెళ్ళాలంటే హైవే మీద ట్రాఫిక్ తెల్లవారకముందే మొదలవుతుంది. జనం చీకట్లో బయల్దేరి, ఆఫీసు ముందు కార్లో కునుకు తీయడం అక్కడ మామూలు. సాయంత్రం వాన పడితే ఇక చెప్పేదేముంది.

చివరికి మేం దిగింది సెయింట్ ఆగస్టీన్‌కి ఆనుకుని ఉన్న క్యూరెప్‌లో, ఒక ఇంటి కింది వాటాలో. అక్కడ దాన్ని అనెక్స్ అంటారు. పైన ఓనర్లు, కింద మనం, వేరే గుమ్మం. మన విజయవాడ వాటా ఇల్లే అనుకోండి, కాకపోతే వంటగదిలో ఓవెన్, ఫ్రిజ్ ఓనరువే. ఇలాంటివి స్థానిక డాలర్లలో మూడు వేల నుంచి ఐదు వేలకి దొరికాయి. ఒక అమెరికన్ డాలరుకి సుమారు 6.8 టీటీ (ట్రినిడాడ్-టొబాగో) డాలర్లు కాబట్టి లెక్క మీరే కట్టుకోవచ్చు. మొదటి నెల అద్దె, ఇంకో నెల డిపాజిట్ ఇస్తే చాలు. బెంగళూరులో పదేసి నెలల అడ్వాన్సు కట్టిన ప్రాణానికి అది నమ్మబుద్ధి కాలేదు. ఇలాంటి వాటాలు ఏజెంట్ల దగ్గర ఎక్కువ ఉండవు. పేపర్ ప్రకటనల్లో, యూనివర్సిటీ నోటీసు బోర్డుల్లో, అంతకంటే ముఖ్యంగా నోటిమాటగా దొరుకుతాయి. విద్యార్థులు ఖాళీ చేసే మే, జూన్‌లు వేటకి మంచి కాలం.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు టైల్స్, అల్మరాలు చూస్తూ ఉండిపోకండి. పెరట్లోకి వెళ్ళి నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎన్ని గ్యాలన్లదో చూడండి. ప్రభుత్వ నీటి సంస్థ వాసా చాలా చోట్ల రోజులు లెక్కపెట్టి నీళ్ళొదులుతుంది. జనవరి నుంచి మే దాకా ఎండాకాలంలో ఆ రోజులూ తగ్గుతాయి. రెండు కుటుంబాలకి 400 గ్యాలన్ల ట్యాంకు ఒక్కటుంటే ఆ ఇల్లు వద్దు. 1,000 గ్యాలన్లుండి, దానికి మోటారు కూడా ఉంటే మాట్లాడండి. మోటారు లేకపోతే షవర్‌లో ధార కాదు, చుక్కలే వస్తాయి. మేం చూసిన ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో హాల్లో గ్రానైట్ మెరిసిపోతోంది, కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఏజెంటు నవ్వి ‘ఈరోజు నీళ్ళ రోజు కాదు’ అన్నాడు.

కరెంటు మాత్రం హాయి. గ్యాస్‌తో తీసే కరెంటు కాబట్టి చౌక. ఏసీ వేసుకున్నామన్న దిగులు లేకుండా బతకొచ్చు. అయితే అక్కడ మామూలు ప్లగ్గుల్లో వచ్చేది 115 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన మిక్సీ, గ్రైండరు 230 వోల్టులవి. పెట్టెలో అంత బరువు మోసుకెళ్ళి, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కోసం తిరగడం కన్నా అమెరికాలోని బంధువులెవరైనా ఉంటే 110 వోల్టుల ఇండియన్ మిక్సీ తెప్పించుకోండి. వంట గ్యాస్‌కి బుకింగ్, సబ్సిడీ ఖాతా అంటూ ఏమీ లేవు. 20 పౌండ్ల ఖాళీ సిలిండర్ దుకాణంలో ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే.

విసుగు పుట్టించింది బ్యాంకు ఖాతా. ఉద్యోగ పత్రం, రెండు గుర్తింపు కార్డులు, మన పాత బ్యాంకు నుంచి ఉత్తరం, వీటితోపాటు చిరునామాకి రుజువుగా కరెంటు బిల్లో నీళ్ళ బిల్లో అడుగుతారు. బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. కాబట్టి అగ్రిమెంటు రాసుకునే రోజే ‘వీరు మా ఇంట్లో ఉంటున్నారు’ అని ఓనరు చేత సంతకంతో ఒక కాగితం, వాళ్ళ గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. ఇది లేక ఓ తెలుగు డాక్టరుగారు జీతాన్ని చెక్కులుగా దాచుకుని తిరగడం చూశాను. పాత బ్యాంకు ఉత్తరం కూడా ఇండియాలో ఉండగానే తెచ్చుకోవాలి. అక్కడికెళ్ళాక ఫోన్ మీద అడుగుదామంటే తొమ్మిదిన్నర గంటల తేడా. మనం లేచి అడిగేసరికి ఇక్కడ బ్యాంకు షట్టర్ దించేస్తారు.

ఇప్పుడా అమెరికన్ డాలర్ల సంగతి. ట్రినిడాడ్‌లో విదేశీ మారకానికి ఏళ్ళ తరబడి కటకట ఉంది. బ్యాంకులో మన టీటీ డాలర్లు ఎన్నున్నా అడిగినన్ని అమెరికన్ డాలర్లు ఇవ్వరు. క్రెడిట్ కార్డు మీద విదేశీ కొనుగోళ్ళకీ పరిమితి పెడతారు. జీతం టీటీలో వచ్చేవాళ్ళు అమెరికన్ డాలర్లలో అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకండి. ఇంటికి డబ్బు పంపాలనుకునేవాళ్ళు, పిల్లల చదువు అప్పు కడుతున్నవాళ్ళు ఉద్యోగం ఒప్పుకునే ముందే ఈ విషయం తేల్చుకోవాలి. నెలనెలా కొంచెం కొంచెం పంపడమే తప్ప ఒక్కసారిగా పెద్ద మొత్తం కదలదు.

కారు లేకపోయినా క్యూరెప్‌లో రోజులు గడుస్తాయి. మ్యాక్సీ టాక్సీలనే చిన్న బస్సులకి దారిని బట్టి రంగు పట్టీలుంటాయి. తూర్పు దారికి ఎరుపు, రాజధానికి పశ్చిమాన పసుపు, చగ్వానస్, శాన్ ఫెర్నాండో వైపు ఆకుపచ్చ. ఎర్ర పట్టీ బండ్లకి బస్సుల కోసం విడిగా వేసిన రోడ్డుంది. కార్లన్నీ హైవే మీద ఆగిపోయినప్పుడు ఇవి దూసుకుపోతాయి. మేం ఆ చోటు ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. టాక్సీ ఎక్కేటప్పుడు నంబర్ ప్లేటు ‘హెచ్’తో మొదలైతేనే అది అద్దె బండి. ‘పి’తో మొదలయ్యే సొంత కార్లు కూడా ఆపి ఎక్కించుకుంటాయి, జనం ఎక్కుతారు కూడా. మీరు ఎక్కకండి.

భద్రత గురించి మెత్తగా చెప్పడం మంచిది కాదు. సుమారు 14 లక్షల జనాభా ఉన్న దేశంలో 2024లో 600కి పైగా హత్యలు జరిగాయి. ఆ డిసెంబరు 30న ఎమర్జెన్సీ ప్రకటించారు. గొడవలు ఎక్కువగా ముఠాల మధ్యే, కొన్ని పేటల్లోనే. అయినా ప్రతి ఇంటి కిటికీకీ ఇనప ఊచలు ఎందుకున్నాయో రెండు రోజుల్లోనే అర్థమవుతుంది. చీకటి పడ్డాక నడక మానేశాం. రోడ్డు మీద ఫోన్ బయటికి తీయలేదు. ఓనరు కుటుంబం పైనే ఉండటం, వాళ్ళ కుక్కలు రెండు గేటు దగ్గరే ఉండటం గార్డుకన్నా ధైర్యం. పోలీసుకి 999, అంబులెన్సుకి 811.

తిండికి కొదవలేదు. పొద్దున్నే బండి మీద డబుల్స్ అమ్ముతారు: బరాలనే రెండు మెత్తటి పూరీల మధ్య శనగల కూర. కారం ఎంత అని అడిగితే గుంటూరు వాళ్ళమన్న బింకంతో ‘ఎక్కువ’ అనకండి. ఈ దీవిలోని మొరూగా ఊరి స్కార్పియన్ మిరప 2012 పరీక్షల్లో సగటున 12 లక్షల స్కోవిల్ (కారాన్ని కొలిచే యూనిట్లు) దాటింది, అప్పటికి ప్రపంచంలో అన్నిటికన్నా కారమైనది అదే. సంతలో బెండ, వంగ, కాకర, పొడుగు అలసంద కాయలు తాజాగా దొరుకుతాయి. కరివేపాకు కొనే పని లేదు, ఎవరో ఒకరి పెరట్లో చెట్టుంటుంది. వాళ్ళ ‘దాల్’ అంటే పసుపు రంగు బఠాణీ బద్దలు. కందిపప్పు, మినప్పప్పు కోసం మాత్రం ఇండియన్ సరుకుల దుకాణాలు వెతకాలి. ఆ వేడికి ఇడ్లీ పిండి మాత్రం చక్కగా పులుస్తుంది.

1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ 225 మందితో వచ్చింది మొదలు 1917 దాకా సాగిన కూలి వలసలో మద్రాసు రేవు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, తమిళులు కూడా ఉన్నారు. భాష మిగల్లేదు. కాళీమాయి గుళ్ళలో వేపాకు, డప్పు మిగిలాయి. మా పైవాటా ఆంటీకి తన తాతలది ఏ ఊరో తెలియదు. ‘మద్రాసీలం’ అని మాత్రం చెప్పేది. కరపిచైమాలో మైసూరు గణపతి సచ్చిదానంద స్వామీజీ దత్తపీఠం వాళ్ళ 85 అడుగుల హనుమంతుడి దగ్గరికి ఆమే మమ్మల్ని తీసుకెళ్ళింది. విజయవాడ పటమటలోని ఆశ్రమం తెలిసినవాళ్ళకి ఆ గోపురం కొత్తగా అనిపించదు. అక్కడి నుంచి కాస్త దూరంలోనే వాటర్లూ దగ్గర సముద్రంలో కట్టిన గుడి. ఆదివారం పొద్దున రెండూ చూసి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

ఖాళీ చేసేటప్పుడు గోడలకి రంగు డబ్బులు పట్టుకుని మిగతా డిపాజిట్ ఇచ్చారు. టీటీ డాలర్లే. ఆఖరి నెలలో వాటిని మార్చుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరిగే బదులు, ముందే ఓనరుతో మాట్లాడి డిపాజిట్‌ని చివరి నెల అద్దెకి సర్దుకోమని అగ్రిమెంటులో రాయించుకోండి. చాలామంది ఒప్పుకుంటారు.